ఓబులమ్మ నిలబెట్టిన వాకిలి

మాది భీమవరం పక్క పల్లెటూరు. ఎంత లోతు తవ్వినా మట్టి తప్ప రాయి తగలని నేల. నేను టైల్సు పని చేస్తాను. మా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన మోకాళ్ళు అరిగిపోయాక పని నా పేరు మీదికి వచ్చింది. ఇప్పుడు నా కింద మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి ఏడుగురు పనిచేస్తారు. నేల పరచడంలో నాకు ఎదురు లేదని నేనే చెప్పుకుంటాను. వినేవాళ్ళు కూడా కాదనరు.

అయితే ఈమధ్య ఇల్లు కట్టుకునేవాళ్ళు పనంతా ఒకరికే అప్పజెప్పాలని చూస్తున్నారు. "గోడలు కూడా నువ్వే కట్టించరాదా?" అంటారు. గోడ కట్టే తాపీమేస్త్రీలు మా వైపు అందరూ మగవాళ్ళే. వాళ్ళకు నా మాట కింద పనిచేయడానికి మనసొప్పదు. వచ్చిన మేస్త్రీ రెండో రోజుకల్లా మంచం మీదున్న మా ఆయన దగ్గరికి వెళ్ళి సలహా అడుగుతాడు. ఆయనేమో, "నన్నడుగుతావేంటి, పని ఆవిడది కదా" అంటాడు. మూడో రోజు ఆ మేస్త్రీ రాడు.

ఇలా ఉండగా, నాకు బేతంచర్ల బండలు పంపే వ్యాపారి ఫోనులో ఒక వీడియో పంపాడు. నంద్యాలలో ఒక పెద్దావిడ పరంజా మీద నిలబడి, తాపీ పట్టుకున్న ఇంకో ఆడమనిషిని చీవాట్లు పెడుతోంది. కింద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు దారం కట్టి ఇటుకలు పేరుస్తున్నారు. నంబరు తీసుకుని ఆమెకు ఫోను చేశాను. "ఫోన్లో గోడ కనపడదు. వచ్చి చూడుపో" అని పెట్టేసింది.

వెళ్ళాను. నా ఉద్దేశం ఒక్కటే. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఆడమనిషిని ఒకరిని మా ఊరికి తెచ్చేసుకోవాలి.

కొండలో రైలు

తెల్లవారేసరికి రైలు గిద్దలూరు దాటి నల్లమలలోకి దూరింది. మా ప్రాంతంలో ఎత్తయినదంటే కాలవగట్టే. కిటికీకి రెండు వైపులా కొండ నిలబడి ఉంటే, నాకు ఎవరి ఇంటి గోడకో ముక్కు ఆనించి చూస్తున్నట్టుగా అనిపించింది. సొరంగం రాగానే పెట్టెలో పిల్లలంతా కేకలు పెట్టారు. నేనూ పెట్టేదాన్నే, పక్కన మనుషులున్నారని ఊరుకున్నాను.

ఆ పక్కనున్న మనిషి గిద్దలూరులో సీతాఫలాల గంపతో ఎక్కింది. కార్తీకమాసం కదా, కాపు చివరికి వచ్చిందట. నంద్యాలలో అమ్ముకోవడానికి పోతోంది. చాలాసేపు నా చేతుల వైపే చూసి అడిగింది.

"సిమెంటు పనా?"

"ఎలా తెలిసిందండీ?"

"గోళ్ళ కాడ తినేసి ఉండాది. మా అక్క చేతులూ ఇట్లనే ఉంటాయి."

"మీ అక్క మేస్త్రీయా?"

ఆమె నవ్వింది. "ఆడోళ్ళు మేస్త్రీలు యాడయితారు? మాయక్క తట్ట మోస్తాది."

నేను మేస్త్రీనే అని చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. తర్వాత గంపలో చెయ్యి పెట్టి, బాగా పండిన కాయలు రెండు ఏరి నా ఒళ్ళో వేసింది. నేను డబ్బు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"దుడ్లు వద్దులే. నువ్వు చెప్పింది నిజమైతే తిను. అబద్ధమైతే కడుపు నొస్తాది."

రెండూ తిన్నాను. కడుపు నొప్పి రాలేదు.

నంద్యాల

స్టేషను బయట ఒక చిన్న హోటల్లో ఉగ్గాని తిన్నాను. మేం మరమరాలంటామే, వాటిని ఇక్కడ బొరుగులంటారు. నీళ్ళలో తడిపి పిండి, తాలింపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లి ఇస్తారు. మా వైపు మరమరాలు సాయంత్రం కాలక్షేపానికి నమిలేవి. ఇక్కడ అవే పొద్దుటి టిఫిను. ప్లేటు నలభై రూపాయలు, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. మా ఊళ్ళో బజ్జీ మిరపకాయ పేరుకే మిరపకాయ. ఆ నమ్మకంతో ఒకటి మొత్తం నోట్లో పెట్టుకున్నాను. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. హోటలాయన మజ్జిగ గ్లాసు తెచ్చి ముందు పెట్టి, "ఏ ఊరుమ్మా మీది?" అన్నాడు. చెప్పాను. "అదీ సంగతి" అని వెళ్ళిపోయాడు. మజ్జిగకు డబ్బు తీసుకోలేదు.

వీడియోలో చూసిన పెద్దావిడ పేరు మద్దిలేటమ్మ. పాణ్యం రోడ్డులో రెండంతస్తుల ఇల్లు కడుతోంది. అరవైకి దగ్గరపడిన మనిషి. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, మీద మగవాళ్ళ చొక్కా వేసుకుంది. నన్ను చూసి రమ్మనలేదు, కూర్చోమనలేదు. నా కాళ్ళ వైపు చూసింది.

"ఆ చెప్పులతో పరంజా ఎక్కలేవు. ఇడిసి రా."

విడిచి ఎక్కాను. అక్కడ ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నవాళ్ళు నలుగురు. ఒకామె గడివేముల నుంచి, ఇద్దరు పాణ్యం నుంచి రోజూ బస్సులో వస్తారు. ఇంకొకామెది నంద్యాలే. అందరూ అంతకుముందు ఏళ్ళ తరబడి ఇటుకలూ ఇసుకా మోసినవాళ్ళు. ఇక్కడ గోడ కట్టే పనిని బేల్దారి అంటారు. మోసే ఆడవాళ్ళను బేల్దారులను చేయడమే మద్దిలేటమ్మ పెట్టుకున్న పని.

"మొదట ఏం నేర్పుతావక్కా?" అని అడిగాను. మా ఆయన నాకు మొదటి ఆరు నెలలు టైల్సు తుడవడమే నేర్పాడు.

"మొదటి దినమే దారం చేతికిస్తా. పన్నెండేండ్లు సిమెంటు మాలు కలిపినామెకు మాలు కలిపేది నేర్పిస్తే ఏం లాభం? అది నాకంటే బాగా తెల్సు ఆమెకు. తెల్దని అనుకుంటాండేది గోడ. ఆ భయం పోవల్ల ముందు."

"కూలి సంగతి?"

"తట్ట మోస్తే ఎంత వస్తాదో అంత తగ్గకుండా ఇస్తా. నేర్చుకునే నాడు ఇంట్లో పొయ్యి వెలగకుంటే రెండో దినం ఎవురొస్తారు?"

ఆమె ఎలా మేస్త్రీ అయిందో మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పింది. మొగుడు మేస్త్రీ. ఆయన తాగి పడుకున్న రోజుల్లో ఆయన కట్టాల్సిన గోడ ఆమె కట్టేది. ఊరందరికీ తెలుసు, పేరు మాత్రం ఆయనది. "ఆయన పోయినాక పేరు కోసమని ఇంకో మొగోన్ని యాడ తెచ్చేది? నా పేరే పెట్టుకున్నా" అంది. జొన్నరొట్టె తుంచి, చెనక్కాయల చట్నీ అద్దుకుని నా చేతిలో పెడుతూ ఈ మాట అంది. ఆ రొట్టె పల్చగా, వెడల్పుగా ఉంది. మా వైపు పుల్కా పక్కన పెడితే చాపంత ఉంటుంది.

సాయంత్రం పని ఆపాక ఆ నలుగురూ ఇళ్ళకు పోలేదు. ఒక మూల బురద కలిపి, ఆ బురదతో ఇటుకలు పేర్చి గోడ మూల కట్టారు. మద్దిలేటమ్మ దారం వేసి చూసి, ఎవరిది ఎక్కడ తప్పిందో చెప్పింది. తర్వాత ఆ గోడను వాళ్ళే విప్పి, ఇటుకలు కడిగి పక్కన పేర్చారు. రోజూ ఇంతేనట. సిమెంటు ఖర్చు లేకుండా చెయ్యి తిరుగుతుంది.

"నువ్వూ కట్టు. మేస్త్రీవంట గదా" అంది నాతో.

నాకేం భయం? టైలుకు టైలు వెంట్రుకవాసి తేడా లేకుండా పరిచే చెయ్యి నాది. కూర్చుని నాలుగు వరసలు కట్టాను. పైనుంచి చూస్తే అద్దంలా ఉంది. మద్దిలేటమ్మ గుండు కట్టిన దారం పక్క నుంచి వేలాడదీసింది. నా గోడ నడుం వంచుకుని నిలబడింది. గడివేములామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నీది నేల మీద చెయ్యి. పండుకున్నదానికీ నిలబడినదానికీ తేడా ఉండాది. రెండు దినాలుంటే వచ్చేస్తాదిలే" అంది మద్దిలేటమ్మ. నేనూ నవ్వుతూనే నా నాలుగు వరసలూ విప్పాను.

అప్పుడు వచ్చిన పని బయటపెట్టాను. మూడు నెలల పాటు ఉండేలా ఒకరిని పంపమన్నాను. ఇక్కడికంటే కూలి ఎక్కువిస్తాను, నా ఇంట్లోనే ఉంచుకుంటాను, అన్నం నా చేత్తో పెడతానన్నాను. ఆమె తమలపాకు నములుతూ అంతా విని చెప్పింది.

"ఈ నలుగురు ఇంకా నేర్చుకుంటాండారు. బయటికి పంపేదానికి ఒకతే ఉండాది, ఓబులమ్మ. ఆళ్లగడ్డలో సొంతంగా ఇల్లు ఒప్పుకుంది. ఎల్లుండి వాకిలి నిలబెడతాది. నేనూ వస్తాండా. పనంతా చూసి, ఆమెనే అడుగు."

ఆళ్లగడ్డ

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సు దారిలో వరి కనిపించి ప్రాణం లేచొచ్చింది. కేసీ కాలవ నీళ్ళట. మా కాలవలు ఇంటి వెనకాలే ఉండి, గిన్నెలు తోముకోవడానికి కూడా పనికొస్తాయి. ఇక్కడి కాలవ దూరంగా, పని ఉన్న మనిషిలా చూడకుండా పోతోంది. శిరివెళ్ళ దాటాక పక్క సీటులోని పెద్దాయన, "మీ పక్క మూడు కార్లు పండుతాదంట గదా" అన్నాడు. రెండు పంటలేనన్నాను. "రెండా?" అని నా మీద జాలిపడినట్టు చూశాడు.

ఆళ్లగడ్డలో దిగగానే చెవికి తగిలేది ఉలి చప్పుడు. రోడ్డు పక్కన వరసగా శిల్పాలు చెక్కే కొట్టాలు. సగం లేచిన నందులు, ముఖం రాని అమ్మవార్లు, తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకున్న నాయకులు. ఒక కొట్టంలో పాతికేళ్ళ అమ్మాయి విగ్రహం పాదాలకు నున్నగా మెరుగు పెడుతోంది. ఆ ఇంటి కోడలట. చెక్కడం వచ్చా అని అడిగితే, పాదాలూ నగలూ చెక్కుతానంది. ముఖం మాత్రం మామగారే చెక్కుతాడట.

"మరి నువ్వెప్పుడు చెక్కుతావు?"

"అడగతానే ఉండా. మొన్న ఒక ముక్కు ఇచ్చినాడు" అంది, తల ఎత్తకుండా.

ఓబులమ్మ ఇల్లు ఊరి చివర. ముప్పై అయిదేళ్ళుంటాయి. సన్నగా ఉంటుంది, మాట ఇంకా సన్నం. నన్ను చూసి, "అక్కా, ముందు తిను. మాటలు యాడికీ పోవు" అని రాగిసంగటి ముద్ద పెట్టి, గుంట చేసి నెయ్యి పోసింది. పక్కన గోంగూర పప్పు. నేను సంగటిని నమలబోయాను. ఆమె మొగుడు నరసింహులు, "నమిలేది కాదు, మింగల్ల" అని చూపించాడు. మొదటి ముద్ద గొంతులో ఆగి చెంబెడు నీళ్ళు తాగించింది. రెండో ముద్ద నుంచి దారి తెలిసింది.

నరసింహులు ఆటో నడుపుతాడు. బాడుగలు లేని రోజు పెళ్ళాం పనిలోనే కూలికి పోతాడు. ఆమె తాపీ పట్టుకున్న కొత్తలో చాలా గొడవ చేశాడట. ఇప్పుడేమంటావని అడిగాను.

"ఇంట్లో ఆమె చెప్తాది, పని కాడా ఆమే చెప్తాది. ఇంగ గొడవ చేసేదానికి నాకు జాగా యాడుంది?" అన్నాడు. ఓబులమ్మ ఇంకో ముద్ద అతని పళ్ళెంలో వేసింది.

వాకిలి

మర్నాడు పొద్దున్నే ఓబులమ్మ కడుతున్న ఇంటికి వెళ్ళాం. ఆ ఇంటి వాళ్ళు విత్తనాల కొట్టు పెట్టుకున్న రామసుబ్బయ్య, అతని భార్య సుజాత. పునాది పూర్తయింది. ఇవాళ ముహూర్తానికి తలుపు చట్రం నిలబెట్టాలి. ఆ తర్వాతే గోడలు లేస్తాయి. మద్దిలేటమ్మ నంద్యాల నుంచి మొదటి బస్సుకే వచ్చి ఇసుక కుప్ప మీద కూర్చుని ఉంది.

"అక్కా, గడ్డపార పట్టుకుని వాకిలి కాడ నిలబడు" అంది ఓబులమ్మ. నేను వెళ్ళి ఇంటి ముందు ముగ్గులో, పేరంటాళ్ళ మధ్య గడ్డపారతో నిలబడ్డాను. వాళ్ళు జరిగి జరిగి నాకు దారిచ్చారు. చాలాసేపటికి నరసింహులు వచ్చి, "ఈడేం చేస్తాండావక్కా?" అన్నాడు. మాకు వాకిలి అంటే ముగ్గు వేసే చోటు. వీళ్ళకు వాకిలి అంటే మేం గుమ్మం అనేది. తలుపు చట్రం పక్కన ఉండమంటే ఊరేగింపుకు వచ్చినట్టు రోడ్డు మీద ఉన్నాను.

టేకు చట్రం పసుపూ కుంకాలతో మెరుస్తోంది. పైన మామిడాకులు, నవధాన్యాల మూట కట్టారు. అందరూ సిద్ధంగా ఉండగా రామసుబ్బయ్య పెదనాన్న ముందుకొచ్చాడు. తెల్లటి పంచె, చేతికర్ర. ఊళ్ళో ఆయన మాటకు విలువుందని నిలబడిన తీరులోనే తెలిసింది. ఆయన మద్దిలేటమ్మతో అన్నాడు.

"ముహూర్తానికి మొగోని చెయ్యి పడల్ల. తర్వాత మీ ఆడోళ్ళు ఎంతన్నా కట్టుకోండి. నేను కాదనను."

మద్దిలేటమ్మ లేవలేదు. "నన్ను అడగొద్దు పెద్దాయనా. ఈ పొద్దు మేస్త్రీ నేను కాదు."

రామసుబ్బయ్య పెదనాన్న వైపు, పెళ్ళాం వైపు చూశాడు. సుజాత కొంగు సర్దుకుని అంది.

"పెదనాయనా, మీరు నిలబడిన ఈ పునాది ఓబులమ్మ కట్టిందే. అడుగున పెట్టేదానికి పనికొచ్చిన చెయ్యి వాకిలికి పనికిరాదా?"

"మాటలు బాగా నేర్చినారు" అన్నాడు ఆయన.

"గోడలు గూడా నేర్చినారు" అంది మద్దిలేటమ్మ ఇసుక కుప్ప మీంచే.

పెద్దాయన పక్కకు జరిగాడు. పోలేదు, అలాగే నిలబడ్డాడు. నరసింహులూ ఇంకో ఇద్దరూ చట్రం ఎత్తారు. ఓబులమ్మ చెయ్యి వేసి గడపను చోటులో కూర్చోబెట్టింది. రెండు వైపులా కట్టెలు ఆనించి బిగించింది. గుండు వేసి చూసింది, గడప మీద రసమట్టం పెట్టి చూసింది. అంతా సరిగ్గా ఉంది. కొబ్బరికాయ కొట్టారు. పూజారి ఇంకో ముహూర్తం ఉందని స్కూటరెక్కి పోయాడు.

ఆ తర్వాత ఫోటోలు మొదలయ్యాయి. మా ఊళ్ళోనూ అంతే, ఫోటోలకు ముహూర్తం అక్కర్లేదు. గడపకు పసుపు రాయడానికి వచ్చిన పేరంటాళ్ళు, పిన్నులు, వదినలు, ఒకరి తర్వాత ఒకరు దాని ఎడమ చివరన నిలబడి నవ్వారు. ఓబులమ్మ వద్దంటూనే ఉంది. ఆ సందడిలో ఎవరూ వినలేదు.

జనం కాస్త పలచబడ్డాక ఆమె మళ్ళీ రసమట్టం పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. గాజుగొట్టంలో బుడగ మధ్యన నిలవలేదు, ఒక పక్కకు పాకింది. ఓబులమ్మ వంగి గడప కింద చూసింది. ఎడమ చివర కింద ఎత్తు కోసం వేసిన ఇటుక ముక్కలు నలిగి, ఆ వైపు దిగిపోయింది.

నరసింహులు ఆమె పక్కన కూర్చుని గొంతు తగ్గించి అన్నాడు. "గమ్మునుండు. అందరూ పోయినాక ఎత్తి సరిచేద్దాం. ఎవురికీ తెల్దు."

ఆమె రసమట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నేను మద్దిలేటమ్మ వైపు చూశాను. ఆమె మా వైపే చూస్తోంది, కదల్లేదు. నా సంగతి చెప్పాలంటే, నేనైతే నరసింహులు మాటే వినేదాన్ని. ఎత్తిన గుమ్మం కదిపితే ఆ ఇంటికి చెడు జరుగుతుందని మా వైపు కూడా అంటారు. రేపు ఆ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా పేరు మేస్త్రీకే వస్తుంది.

ఓబులమ్మ లేచి నేరుగా సుజాత దగ్గరికి వెళ్ళింది. అందరికీ వినపడేలా చెప్పింది.

"సుజాతమ్మా, ఎడమ పక్క గడప దిగింది. కింద ఇటుక ముక్కలు ఏసినా. రాయి ఎయ్యాల్సింది. తప్పు నాది. ఇప్పుడే ఎత్తి సరిచేయల్ల."

పెద్దాయన కర్ర నేలకు తాటించాడు.

"చెప్తి గదా నేను. పూజ చేసి ఎత్తిన వాకిలి దించేది మన ఇంటా వంటా లేదు."

రామసుబ్బయ్య వచ్చి గడపను అటూ ఇటూ చూశాడు. "ఎంత దిగిందమ్మా? నాకేం కనపడ్లేదే."

"నీకు ఈ పొద్దు కనపడదన్నా. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపు పట్టుకుంటాది. అప్పటి నుంచి దినామూ కనపడ్తాది."

సుజాత ఫోను తీసి పూజారికి చేసి, అందరికీ వినపడేలా పెట్టింది. స్కూటరు చప్పుడులోంచి ఆయన గట్టిగా చెప్పాడు. "వాకిలిని మొత్తం లేపి పక్కన పెట్టొద్దమ్మా. ఒక కాలు నేల మీదనే ఉంచి రెండో పక్క ఎత్తుకుంటే దోషమేమీ లేదు. ముహూర్తం గూడా ఇంకా ఉండాది. కానీండి, కానీండి."

"నాక్కావల్సింది గూడా ఒక పక్కే" అంది ఓబులమ్మ.

ఆ సన్నటి గొంతు అప్పుడు మారింది. నరసింహుల్ని చట్రం వెనక నిలబెట్టింది. మిగతా ఇద్దరినీ పైన పట్టుకోమంది. గడ్డపార నాకిచ్చి గడప ఎడమ చివర కింద పెట్టమంది. ఇక కుడి వైపు ఆనించిన కట్టె కదలకుండా ఎవరో పట్టుకోవాలి. రామసుబ్బయ్య రాయి తేవడానికి పరిగెత్తాడు. మగవాళ్ళలో చేతులు ఖాళీగా ఉన్నది ఒక్కరే.

"పెద్దాయనా, ఈ కట్టె పట్టుకో. నేను చెప్పేదాకా వదలొద్దు. వదిల్తే వాకిలి నా మీద పడ్తాది."

ఆయన చుట్టూ చూశాడు. చేతికర్ర సుజాతకిచ్చి వచ్చి కట్టె పట్టుకున్నాడు. రెండు చేతులతో గట్టిగానే పట్టుకున్నాడు.

నేను గడ్డపార మీద బరువు వేశాను. టేకు బరువెంతో ఆ రోజు తెలిసింది. ఓబులమ్మ నేలకు ఒరిగి, గడప కిందికి చెయ్యి పెట్టి, నలిగిన ఇటుక ముక్కలన్నీ లాగేసింది. ఆమె చెయ్యి ఆ చెక్క కింద ఉందన్న ఒక్క ఆలోచన తప్ప నాకు ఇంకేమీ లేదు. రామసుబ్బయ్య తెచ్చిన బేతంచర్ల బండముక్కను ఆమె కొలిచి లోపలికి జరిపింది.

"దించక్కా. రోంత. ఇంగ రోంత. చాలు."

రసమట్టం పెట్టింది. బుడగ మధ్యకొచ్చి ఆగింది. గుండు వేసింది. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు టేపు పట్టి కొలిచింది. తొందరపడలేదు. కట్టెలన్నీ బిగించాక అప్పుడు అంది.

"ఇంగ వదలండి."

వదిలాం. వాకిలి నిలబడింది.

సుజాత పళ్ళెంలో తాంబూలం, కొత్త బట్టలు పెట్టుకుని వచ్చింది. వాకిలి నిలబెట్టిన మేస్త్రీకి బట్టలు పెట్టడం మా వైపూ ఉన్న ఆచారమే. పళ్ళెంలో పంచె, టవలు ఉన్నాయి. సుజాత ముఖం చిన్నబుచ్చుకుని, "బట్టల కొట్టుకు పంపిన మనిషి, మేస్త్రీకి అంటే పంచె తెచ్చినాడు. రేపు చీర తెస్తా ఓబులమ్మా" అంది.

"చీర ఎందుకమ్మా? పంచె మాయనకు పనికొస్తాది. టవలు నాది" అని ఓబులమ్మ పళ్ళెం అందుకుంది. టవలు విప్పి తలకు చుట్టుకుంది. తాపీ తీసుకుని వాకిలి పక్కన గోడ మొదటి వరస మొదలుపెట్టింది.

ఓళిగలూ నెయ్యీ వేసి భోజనాలు పెట్టారు. మేం బొబ్బట్లంటాం. చేతులు కడుక్కునే చోట పెద్దాయన ఓబులమ్మ పక్కకొచ్చాడు. నేను వినాలని నిలబడలేదు, కానీ విన్నాను.

"మా గొడ్ల కొట్టం వెనక గోడ ఒరిగింది. బేగా ఒకసారి వచ్చి చూసిపో."

"రేపు పొద్దున వస్తా పెద్దాయనా."

ఆయన తలూపి, కర్ర ఆనించుకుంటూ వెళ్ళాడు.

సాయంత్రం మద్దిలేటమ్మ నంద్యాల బస్సు కోసం నిలబడి ఉంటే అడిగాను. "గడప దిగినప్పుడు నువ్వెందుకు లేవలేదక్కా?"

"నేను లేస్తే అది నా వాకిలి అయ్యేది" అంది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

అడిగిన మాట

మర్నాడు పశువుల కొట్టం గోడ చూసి వస్తుండగా దారిలో ఓబులమ్మను అడిగాను. మూడు నెలలు, మంచి కూలి, నా ఇంట్లో అన్నం. మద్దిలేటమ్మతో చెప్పినవన్నీ మళ్ళీ చెప్పాను. చేపల పులుసు కూడా కలిపాను. ఆమె నడుస్తూనే విని, "రాలేనక్కా" అంది.

"మీ ఆయన ఒప్పుకోడా?"

"ఆయనదేముంది? సుజాతమ్మ ఇల్లు పైకప్పు దాకా లేపల్ల. ఇప్పుడు ఈ కొట్టం వచ్చింది. నా దగ్గర నేర్చుకునేదానికి ఇద్దరు వస్తామని ఉండారు. వాళ్ళకు మాటిచ్చినా."

"మరి నా సంగతేంటి?"

ఆమె ఆగింది. "నేనొస్తే మూన్నెల్లు నీకు గోడలు లేస్తాయి. నేను బస్సెక్కినాక మల్ల నువ్వు మీ మేస్త్రీల ముందర నిలబడాల్సిందే గదా. నీ కింద ఆడోళ్ళు లేరా?"

"ఉన్నారు. సిమెంటు కలుపుతారు, మోస్తారు."

"నేను చేసిందీ అదే గదా. ఒకరిని పంపు. నా ఇంట్లో ఉంటాది, నేను తినేదే తింటాది. చెయ్యి తిరిగినాక పంపిస్తా."

నేను ఆ దారిలోనే నిలబడి ఆలోచించాను. ఆమె తొందరపెట్టలేదు. వచ్చింది ఒక మనిషిని తీసుకెళ్దామని, ఇప్పుడు ఆమె నన్నే మనిషిని పంపమంటోంది. లెక్క తిరగబడినట్టే ఉంది, కానీ అందులో తప్పేమీ కనపడలేదు. మంగ పేరు నోటికొచ్చింది.

"మంగని పంపుతాను" అన్నాను.

మంగ

మంగ నా దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తోంది. మొగుడు లేడు, కొడుకును హాస్టల్లో చదివిస్తోంది. సిమెంటు పాళ్ళు ఇంత అని ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యి పెట్టి చూసి చెబుతుంది. నేను తిరిగొచ్చి విషయం చెప్పగానే వెళ్ళి సిమెంటు కలిపే గమేళా కడిగింది. మర్నాడు వచ్చి, "అక్కడ అన్నం దొరుకుద్దా?" అని ఒక్క ప్రశ్న వేసింది. దొరుకుతుందనీ, సంగటి నమలకూడదనీ చెప్పాను. నేర్చుకున్నన్నాళ్ళూ ఇక్కడి కూలి తగ్గకుండా ఇస్తానని కూడా చెప్పాను. ఆ పద్ధతి మద్దిలేటమ్మది. మా ఆయన మంచం మీంచే, "వెళ్ళమ్మా. నువ్వొచ్చాక నన్ను సలహా అడిగేవాళ్ళు తగ్గుతారు" అన్నాడు.

నంద్యాల రైలు నేనే ఎక్కించాను. మొదటి వారం రోజూ ఫోను చేసి ఏడ్చింది. రెండో వారం ఏడవలేదు. తర్వాత తర్వాత ఫోను చేయడం నా వంతయింది.

నిన్న మధ్యాహ్నం ఒక వంటగది టైల్సు పనిలో ఉండి, మంగ ఎప్పుడొస్తుందో కనుక్కుందామని ఫోను చేశాను. సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టాల్సిన ఇల్లు ఒకటి ఒప్పుకున్నాను. గోడలు కూడా మావే. చాలాసేపు మోగాక ఎత్తింది.

"ఎలా ఉన్నావే మంగా?"

"బాగుండానక్కా. ఇప్పుడు మాట్లాడేదానికి కాదు, గోడ మీద ఉండా. సాయంత్రం నేనే చేస్తా."

పెట్టేసింది. ఆరేళ్ళలో మంగ నా మాట మధ్యలో ఆపడం అదే మొదటిసారి. ఫోను గట్టు మీద పెట్టి, నేను మళ్ళీ నా నేల మీద కూర్చున్నాను.